నైబర్లు రెండూ ఫుల్‌లోనే ఉన్నాయి, అయినా ఒక కేబుల్ పీకితే సర్వర్ మాయం: ఎఫ్ఆర్ఆర్, ఓఎస్‌పీఎఫ్ సమస్య

బేర్‌మెటల్_బాబు:

రెండు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక మిమ్మల్ని అడగడం తప్ప దారి కనపడట్లేదు. నేను సర్వర్ల మనిషిని, నెట్‌వర్క్ నాకు అవసరం వచ్చినంత మేరకే తెలుసు, ఎక్కడైనా మాట తప్పుగా వాడితే సర్దుకోండి.

ఒక లినక్స్ సర్వర్, రెండు నెట్‌వర్క్ కార్డులు. ఈత్0 నుంచి రౌటర్ ఆర్1కి 10.10.1.0/30, ఈత్1 నుంచి రౌటర్ ఆర్2కి 10.10.2.0/30. సర్వీస్ నడిచే అడ్రస్ 10.99.0.5/32, దాన్ని లూప్‌బ్యాక్ మీద పెట్టాను, రౌటర్ ఐడీ కూడా అదే. ఆర్1 ఐడీ 10.255.0.1, ఆర్2 ఐడీ 10.255.0.2. సర్వర్‌లో ఎఫ్ఆర్ఆర్ (రూటింగ్ సాఫ్ట్‌వేర్) వేసి ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) నడుపుతున్నాను, అన్నీ ఏరియా 0లోనే. రెండు లింకుల్లో ఏది పోయినా సర్వీస్ అడ్రస్ బతికి ఉండాలి, నాకు కావలసింది అంతే.

షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ కొడితే ఇద్దరూ ఫుల్, అంటే డేటాబేస్ మొత్తం మార్చుకున్న స్థితి. పింగ్ ఇద్దరికీ పోతోంది. కానీ రూట్లు మాత్రం అన్నీ ఆర్1 మీదుగానే ఉన్నాయి, ఆర్2 మీదుగా ఒక్కటి కూడా లేదు. ఈత్1 కాస్ట్ (తక్కువున్న దారినే ఎంచుకుంటుంది) నేనే 100 పెట్టాను, ఈత్0కి 10, ఆర్1 మెయిన్‌గా ఉండాలని, అందుకే అలా ఉందిలే అనుకుని పట్టించుకోలేదు. మొన్న రాత్రి ఫెయిలోవర్ పరీక్ష అని ఈత్0 కేబుల్ పీకాను. అంతే, సర్వర్ బయటి లోకానికి లేకుండా పోయింది! కన్సోల్‌లోంచి చూస్తే ఆర్2తో ఇంకా ఫుల్‌లోనే ఉంది, డేటాబేస్‌లో ఎల్ఎస్ఏలు (ఒక్కో రౌటర్ తన లింకుల గురించి పంపే ప్రకటనలు) అన్నీ కళ్ల ముందే కనిపిస్తున్నాయి, రూటింగ్ టేబుల్లో మాత్రం ఓఎస్‌పీఎఫ్ రూటు ఒక్కటంటే ఒక్కటి లేదు. కేబుల్ తిరిగి పెడితే అంతా మామూలే.

ఇంకో సంగతి, చెప్పకపోతే తర్వాత తిడతారని చెబుతున్నా: ఆర్2ని పోయిన నెల మార్చారు. కొత్త రౌటర్‌తో మొదట ఎక్స్‌స్టార్ట్ (డేటాబేస్ మార్చుకోవడం మొదలయ్యే మెట్టు) దగ్గరే ఆగిపోయింది. వెతికితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడాని పట్టించుకోవద్దని చెప్పే ఎంటీయూ ఇగ్నోర్ అన్న లైన్ దొరికింది, రెండు పక్కలా వేశాం, ఫుల్‌కి వచ్చేసింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?


కేబుల్‌రాజు:

ఫైర్‌వాల్ ఆపి చూడు బ్రో. ఓఎస్‌పీఎఫ్ టీసీపీ కాదు యూడీపీ కాదు, ఐపీ ప్రోటోకాల్ 89. లినక్స్‌లో పోర్టులు తెరిచి ప్రోటోకాల్ తెరవడం మర్చిపోతారు. నాకు పదిలో ఎనిమిదిసార్లు అదే.


ప్యాకెట్_పురుగు:

ఫైర్‌వాల్ అయితే ఫుల్ దాకా ఎలా వస్తుంది రాజూ? సర్వర్ లోపలికి 89 ఆపేస్తే సర్వర్‌లో నైబరే కనపడదు, రౌటర్ పక్కన సర్వర్ ఇనిట్‌లో వేలాడుతూ ఉంటుంది. ఇనిట్ అంటే "నీ హలో నాకు వినపడుతోంది, కానీ నీ హలోలో నా పేరు లేదు" అని. ఇక్కడ డేటాబేస్ మొత్తం మార్చుకున్నారు, అంటే మాటలు రెండు వైపులా నడిచినట్టే. ఫైర్‌వాల్ ఆపమని చెప్పడం మానండి అందరూ, ఆపిన వాళ్లు మళ్లీ ఆన్ చేయరు.

బాబూ, మూడు చోట్ల చూసి ఇక్కడ పెట్టండి. ఆర్1లో మీ సర్వర్ నైబర్‌గా ఎలా కనిపిస్తోంది, ఆర్2లో ఎలా కనిపిస్తోంది, ఫుల్ పక్కన స్లాష్ తర్వాత ఏముందో అది ముఖ్యం. మూడోది, కేబుల్ మళ్లీ ఒక్క నిమిషం పీకగలిగితే ఆర్2లో షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ రౌటర్ 10.99.0.5 కొట్టి పైన ఏం రాసిందో చూడండి. నాకు ఒక అనుమానం ఉంది, చూశాక చెబుతా.


బేర్‌మెటల్_బాబు:

రౌటర్లు చూసే అతన్ని బతిమాలి తీయించాను.

ఆర్1లో నా సర్వర్ ముందు ఫుల్, స్లాష్, గీత. ఆర్2లో ఫుల్, స్లాష్, బీడీఆర్. నా పక్కన ఎఫ్ఆర్ఆర్‌లో రెండింటికీ స్లాష్ తర్వాత గీతే ఉంది.

కేబుల్ పీకి ఆర్2లో ఆ కమాండ్ కొడితే నా ఎల్ఎస్ఏ వచ్చింది కానీ పైన "అడ్వర్టైజింగ్ రౌటర్ ఈజ్ నాట్ రీచబుల్" అన్న అర్థంలో ఒక లైన్ ఉంది. ఇదేంటి మరీ విడ్డూరం, పక్కనే కూర్చుని నాట్ రీచబుల్ ఏంటి?


ఏరియాజీరో:

బాబు గారూ, ఆ గీతకీ బీడీఆర్‌కీ మధ్యే ఉంది మీ సమస్య. సర్వర్‌లో మీరు లింకుల్ని పాయింట్ టు పాయింట్ అని పెట్టారు. ఆర్1లో కూడా అలాగే పెట్టి ఉన్నారు. ఆర్2 కొత్తది కాబట్టి ఎవరూ ఏమీ పెట్టలేదు, ఈథర్‌నెట్ మీద డిఫాల్ట్ బ్రాడ్‌కాస్ట్, అలాగే వదిలేశారు. బ్రాడ్‌కాస్ట్ కాబట్టి ఆర్2 ఎన్నిక (ఆ నెట్‌వర్క్‌కి పెద్దగా డీఆర్‌నీ, దాని బ్యాకప్‌గా బీడీఆర్‌నీ ఎంచుకోవడం) జరుపుకుంది, ప్రయారిటీలు సమానమైతే పెద్ద రౌటర్ ఐడీ గెలుస్తుంది, 10.255.0.2 మీ 10.99.0.5 కన్నా పెద్దది, కాబట్టి తను డీఆర్, మీరు బీడీఆర్. ఆ ఎన్నిక జరిగినట్టు మీ సర్వర్‌కి తెలియనే తెలియదు. దాని లెక్కలో ఇక్కడ ఎన్నికలే ఉండవు.

మరి ఫుల్‌కి ఎలా వచ్చింది అంటారా, అక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. హలో ప్యాకెట్‌లో సబ్‌నెట్ మాస్క్ ఉంటుంది, హలో ఇంటర్వెల్, డెడ్ ఇంటర్వెల్, ఏరియా, కొన్ని ఆప్షన్ బిట్లు ఉంటాయి. నెట్‌వర్క్ టైప్ అనే గడి మాత్రం ఉండదు. పాయింట్ టు పాయింట్‌కీ బ్రాడ్‌కాస్ట్‌కీ టైమర్లు ఒకటే, 10 సెకన్లకో హలో, 40 సెకన్లకి డెడ్. అన్నీ సరిపోయాయి కాబట్టి చేతులు కలిపారు. అదే ఎన్‌బీఎంఏ అనే ఇంకో టైప్ అయ్యుంటే 30, 120 కాబట్టి మొదటి హలో దగ్గరే తేడా బయటపడేది, మీకు ఈ రెండు రోజులు మిగిలేవి.

చేతులు కలిపాక ఏమైందో చూడండి. మీ సర్వర్ తన రౌటర్ ఎల్ఎస్ఏలో "నేను 10.255.0.2కి నేరుగా పాయింట్ టు పాయింట్ లింక్‌తో కలిసి ఉన్నాను" అని రాసింది. ఆర్2 తన ఎల్ఎస్ఏలో "నేను ఒక ట్రాన్సిట్ నెట్‌వర్క్‌కి కలిసి ఉన్నాను" అని రాసి, ఆ నెట్‌వర్క్ పేరు మీద ఇంకో ఎల్ఎస్ఏ పుట్టించి అందులో మీ ఇద్దరి పేర్లూ పెట్టింది. ఎస్‌పీఎఫ్ (దగ్గర దారి వెతికే) లెక్క వేసేటప్పుడు ఒక నియమం ఉంది: ఒకడు "వాడు నా పక్కోడు" అంటే సరిపోదు, వాడు కూడా తిరిగి అదే మాట అనాలి, అప్పుడే ఆ గీత గీస్తారు. మీ సర్వర్ ఆర్2 వైపు వేలు చూపిస్తే ఆర్2 ఎల్ఎస్ఏలో సర్వర్ వైపు తిరిగి చూపే లింకే లేదు. అటు నుంచి చూసినా అంతే, ఆ ట్రాన్సిట్ నెట్‌వర్క్ సభ్యుల జాబితాలో మీ పేరు ఉంది కానీ మీ ఎల్ఎస్ఏలో ఆ నెట్‌వర్క్ ఊసే లేదు. అందుకే నాట్ రీచబుల్. డేటాబేస్ నిండుగా ఉంది, మ్యాప్ మీద మాత్రం మీ ఇద్దరి మధ్య రోడ్డు లేదు.

ఆర్1 బతికున్నంతసేపు మీకు ఆర్2 కూడా ఆర్1 మీదుగా కనపడుతోంది కాబట్టి రూట్లన్నీ మామూలుగా ఉన్నట్టు కనిపించాయి. మీరేమో కాస్ట్ 100 పెట్టాం కదా అందుకే అనుకున్నారు. అది పచ్చి యాదృచ్ఛికం. కాస్ట్ తీసేసినా ఆర్2 మీదుగా ఒక్క రూటూ వచ్చేది కాదు.

ఆర్2లో మీ లింక్ ఉన్న ఇంటర్‌ఫేస్ కింద నెట్‌వర్క్ టైప్ పాయింట్ టు పాయింట్ పెట్టించండి. అడ్జసెన్సీ (ఇద్దరు నైబర్ల మధ్య బంధం) ఒకసారి పడి లేస్తుంది, భయపడకండి. లేచాక రెండు ఎల్ఎస్ఏలూ పక్కపక్కన తెరిచి చూడండి, ఇటు "అనదర్ రౌటర్, పాయింట్ టు పాయింట్" అని ఉంటే అటు కూడా అదే ఉండాలి, "ట్రాన్సిట్ నెట్‌వర్క్" అన్న మాట ఆ లింక్ దగ్గర కనపడకూడదు.

ఎంటీయూ ఇగ్నోర్ గురించి విడిగా మాట్లాడాలి. దీనికి కారణం అది కాదు, కానీ దాన్ని అలా వదిలేయకండి.


రెండోషిఫ్ట్:

అసలు సర్వర్‌కి ఓఎస్‌పీఎఫ్ ఎందుకండీ, బీజీపీ (ఇంకో రూటింగ్ ప్రోటోకాల్) పెట్టుకుంటే ఈ గోలే ఉండదు కదా. టీసీపీ 179, యూనికాస్ట్, డీఆర్ లేదు, ఎక్స్‌స్టార్ట్ లేదు, మీ ఒక్క /32 చెప్పి ఊరుకుంటారు. రౌటర్ పక్కన "ఈ సర్వర్ నుంచి ఈ ఒక్క ప్రిఫిక్స్ తప్ప ఏం వచ్చినా తీసుకోను" అని ఫిల్టర్ పెడితే సర్వర్ మనిషి ఏం తప్పు చేసినా మిగతా నెట్‌వర్క్‌కి దెబ్బ తగలదు. ఓఎస్‌పీఎఫ్‌లో ఒకే ఏరియా లోపల అలా వడగట్టడం కుదరదు, అందరి డేటాబేస్ ఒకటే.


ఏరియాజీరో:

మాట నిజమే, కొత్తగా కట్టేవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ ఇల్లు కాలుతున్నవాడికి కొత్త ఇంటి ప్లాన్ ఇప్పుడెందుకు. పైగా బీజీపీలో గోలే ఉండదు అనకండి. ఎఫ్ఆర్ఆర్ 7.4 నుంచి ఈబీజీపీ (వేరే నెట్‌వర్క్‌తో నడిపే బీజీపీ) నైబర్‌కి రూట్‌మ్యాప్ (రూట్ల ఫిల్టర్) పెట్టకపోతే సెషన్ ఎస్టాబ్లిష్డ్ అయినా ఒక్క రూటు కూడా ఇటూ అటూ పోదు, ఆర్ఎఫ్‌సీ 8212 చెప్పిన పద్ధతి అది. సమ్మరీలో రూట్ల లెక్క ఉండాల్సిన చోట పాలసీ అని రాసి ఉంటుంది, దాన్ని చూసి కూడా ఇక్కడ ఎంతమంది ఇలాగే వచ్చి అడిగారో మీకు తెలుసు.


బేర్‌మెటల్_బాబు:

గురువు గారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి! ఆర్2లో టైప్ మార్చారు, ఇప్పుడు రెండు పక్కలా గీతే. కేబుల్ పీకితే రెండు సెకన్ల లోపే రూట్లన్నీ ఆర్2 మీదకి మారాయి, సర్వీస్ బతికే ఉంది. కేబుల్ పెడితే మళ్లీ ఆర్1 మీదకి.

కానీ... ఇప్పుడు కొత్త తలనొప్పి. రెండు కేబుళ్లూ ఉన్నప్పుడు కొంతమంది యూజర్లకి సర్వీస్ పనిచేయట్లేదు. ఆర్1 వెనక ఉన్న వాళ్లకి బాగుంది, ఆర్2 వెనక ఉన్న వాళ్లకి కనెక్షన్ టైమౌట్. నిన్నటి దాకా వాళ్లకి బాగానే ఉండేది! బాగుచేసే ముందు పనిచేసింది బాగుచేశాక పాడైంది అని మేనేజర్‌కి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఈత్0 కేబుల్ పీకేస్తే వాళ్లకీ పనిచేస్తోంది. నాకు పిచ్చెక్కుతోంది.

టీసీపీడంప్ (ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టాను. ఈత్1 మీద వాళ్ల సిన్ (కనెక్షన్ అడిగే) ప్యాకెట్లు వస్తున్నాయి, స్పష్టంగా కనపడుతున్నాయి. జవాబు మాత్రం ఏ కార్డు మీదా పోవట్లేదు. అప్లికేషన్ లాగ్‌లో అసలు వచ్చినట్టే లేదు. ఫైర్‌వాల్ కౌంటర్లు కూడా చూశాను, అక్కడ డ్రాప్ లేదు.


ప్యాకెట్_పురుగు:

ఇది నా ఏరియా, జీరో గారూ మీరు కాసేపు టీ తాగండి.

బాబూ, ప్యాకెట్ కార్డు దాకా వచ్చింది, టీసీపీడంప్ చూసింది, అప్లికేషన్ చూడలేదు, ఫైర్‌వాల్ చంపలేదు. మధ్యలో చంపింది కెర్నల్ రూటింగ్ కోడే. ఆర్‌పీ_ఫిల్టర్. టీసీపీడంప్ దానికన్నా ముందే ప్యాకెట్‌ని చూసేస్తుంది కాబట్టి "వచ్చింది కదా" అని మనం మోసపోతాం.

ఎన్‌స్టాట్ కమాండ్‌ని సున్నాలు కూడా చూపించే ఆప్షన్‌తో నడిపి అందులో రివర్స్‌పాత్‌ఫిల్టర్ అని ఉన్న లైన్ వెతకండి. ఆర్2 వెనక ఉన్న ఒకర్ని సర్వీస్‌కి కనెక్ట్ అవ్వమని చెప్పి మళ్లీ నడపండి. అంకె పెరిగితే దొంగ దొరికినట్టే. లాగ్_మార్షియన్స్ ఆన్ చేస్తే డీమెసేజ్ (కెర్నల్ లాగ్)లో మార్షియన్ సోర్స్ అని కూడా రాస్తుంది, అంటే అంగారకుడి మీంచి వచ్చిన ప్యాకెట్ అట, పాపం ఆ యూజర్ పక్క బిల్డింగ్‌లో కూర్చుని ఉంటాడు.

ఎందుకంటే స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే విలువ 1 ఉంటే, కెర్నల్ ప్రతి ప్యాకెట్‌కీ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ పంపినవాడికి నేనే జవాబు పంపాలంటే ఏ కార్డు మీదుగా పంపుతాను? వచ్చిన కార్డు అదే అయితే లోపలికి, కాకపోతే చెత్తబుట్టలోకి. మాట్లాడదు, ఐసీఎంపీ పంపదు. ఇప్పుడు మీ దగ్గర చూడండి. ఆర్2 వెనక ఉన్న వాడి ప్యాకెట్‌ని ఆర్2 నేరుగా మీకు ఈత్1 మీద ఇస్తుంది, ఆర్2 లెక్కలో అదే దగ్గర దారి. మీరు సర్వర్‌లో ఈత్1కి కాస్ట్ 100 పెట్టుకున్నారు కాబట్టి వాడికి జవాబు ఈత్0 మీదుగా, ఆర్1 మీదుగా. కాస్ట్ అనేది మీరు బయటికి పంపేదానికే వర్తిస్తుంది, లోపలికి వచ్చేదాన్ని అటు పక్క రౌటర్ పెట్టుకున్న కాస్ట్ నిర్ణయిస్తుంది. ఇది చాలామంది సర్వర్ వాళ్లకి తట్టదు, ఒక పక్క అంకె మారిస్తే రెండు పక్కలా మారిందనుకుంటారు.

నిన్నటి దాకా ఎందుకు పనిచేసిందంటే నిన్నటి దాకా ఆర్2కి మీ దగ్గరికి నేరుగా దారే లేదు కదా! వాళ్ల ప్యాకెట్లు కూడా ఆర్2 నుంచి ఆర్1కి వెళ్లి ఈత్0 మీదే వచ్చేవి. ఒక తప్పు ఇంకో తప్పుని దాచిపెట్టింది.

విలువ 2 పెట్టండి, లూజ్ మోడ్. "పంపినవాడికి నా దగ్గర ఏదో ఒక రూటు ఉందా" అని మాత్రమే చూస్తుంది. పెట్టేటప్పుడు ఒక చిక్కు, ఆల్ కింద ఒక విలువ ఉంటుంది, ఈత్1 కింద ఒకటి ఉంటుంది, కెర్నల్ ఆ రెండిట్లో పెద్దది తీసుకుంటుంది. ఆల్‌లో 1 ఉంచి ఈత్1లో 0 పెట్టి "మార్చినా పనిచేయలేదు" అని రాత్రంతా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఎవరో అడక్కండి. 2 పెడితే ఆ గొడవ లేదు, 1 కన్నా 2 పెద్దది కాబట్టి. సిస్‌కంట్రోల్ ఫైల్లో కూడా రాయండి, లేకపోతే రీబూట్ తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. కెర్నల్ సొంత డిఫాల్ట్ 0నే, కానీ చాలా డిస్ట్రోలు బూట్‌లో 1 గానీ 2 గానీ పెడతాయి, కాబట్టి మీ దగ్గర ఏముందో చూసుకోవాల్సిందే.


ఏరియాజీరో:

టీ అయిపోయింది. పురుగు గారు చెప్పింది అక్షరాలా కరెక్ట్, దానికి రెండు కలుపుతాను.

ఒకటి, ఆ కాస్ట్ 10, 100 తీసేయండి, రెండు లింకులకీ సమానంగా ఉంచండి. అప్పుడు ఆర్2 వెనక వాళ్లకి జవాబు ఆర్2 మీదుగానే పోతుంది, ఆర్1 వెనక వాళ్లకి ఆర్1 మీదుగా, ఇద్దరికీ సమాన దూరంలో ఉన్నవాటికి రెండు నెక్స్ట్‌హాప్‌లూ ఎక్కుతాయి. అలా రెండు నెక్స్ట్‌హాప్‌లు ఉన్న రూటుకి స్ట్రిక్ట్ మోడ్ కూడా ఏ కార్డు మీద వచ్చినా ఒప్పుకుంటుంది, అయినా 2 ఉంచుకోండి, రౌటర్ల వాళ్లు రేపు ఎక్కడ కాస్ట్ మారుస్తారో మీ చేతిలో లేదు. కాస్ట్ చేత్తోనే రాయండి, ఆటోకి వదలొద్దు. ఎఫ్ఆర్ఆర్ రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ 100 ఎంబీపీఎస్ అనుకుంటుంది, అంటే 1 గిగా అయినా 10 గిగా అయినా కాస్ట్ 1. కొన్ని రౌటర్ ఓఎస్‌లు 40 గిగా అనుకుంటాయి. ఇద్దరి కొలబద్దలు వేరైతే అంకెలు కలవవు.

రెండోది మీరు అడగలేదు, కానీ నాకు నిద్ర పట్టదు కాబట్టి చెబుతున్నా. మీ సర్వర్ ఇప్పుడు ఆర్1కీ ఆర్2కీ మధ్య ఒక దారి అయిపోయింది. నిన్నటి దాకా కాదు, టైప్ సరిచేశాక అయింది. ఆర్1, ఆర్2 మధ్య ఉన్న అసలు లింక్ తెగితే, వేరే మంచి దారి లేకపోతే, వాళ్ల ట్రాఫిక్ అంతా మీ సర్వర్ గుండా పోతుంది. ఐపీ ఫార్వర్డ్ ఆన్‌లో ఉంటే మీ కార్డులు నలిగిపోతాయి, ఆఫ్‌లో ఉంటే ఇంకా ఘోరం, ఓఎస్‌పీఎఫ్ "నా గుండా రండి" అని పిలుస్తూనే ఉంటుంది, కెర్నల్ వచ్చినవాటిని వచ్చినట్టు పారేస్తుంది. ఎఫ్ఆర్ఆర్‌లో మ్యాక్స్‌మెట్రిక్ రౌటర్ ఎల్ఎస్ఏ అడ్మినిస్ట్రేటివ్ అని ఒక లైన్ ఉంది, అది వేయండి. మీ లింకుల మెట్రిక్‌ని 65535 అని చెబుతుంది, కాబట్టి వేరే దారి ఉన్నంతసేపు ఎవరూ మీ గుండా దాటరు (వేరే దారే లేకపోతే మాత్రం ఇది ఆపదు), మీ /32 మాత్రం స్టబ్‌గా (అక్కడితో ఆగే గమ్యంగా) మామూలు కాస్ట్‌తోనే ఉంటుంది కాబట్టి మీ దగ్గరికి వచ్చేవాళ్లు వస్తారు. ఆర్ఎఫ్‌సీ 6987లో ఉన్నదే.


రెండోషిఫ్ట్:

చూశారా, నేను చెప్పింది ఇందుకే.


ఏరియాజీరో:

సరే స్వామీ, గెలిచావు.

ఇక ఎంటీయూ. బాబు గారూ, ఈత్1 ఎంటీయూ ఎంత?


బేర్‌మెటల్_బాబు:

9000. స్టోరేజ్ కోసం అన్ని కార్డులకీ అదే పెట్టే అలవాటు మా దగ్గర. పాత ఆర్2లో కూడా 9000 ఉండేదట, కొత్తదాంట్లో 1500 అట, ఇప్పుడే అడిగి తెలుసుకున్నా.

ముందు పెద్ద వార్త: కౌంటర్ పెరిగింది, ఒక్క కనెక్షన్ ప్రయత్నానికి ఏడు పెరిగింది, సిన్ మళ్లీ మళ్లీ పంపుతాడు కదా అందుకు అనుకుంటా. 2 పెట్టగానే ఆర్2 వెనక వాళ్లందరికీ వచ్చేసింది. కాస్ట్‌లు కూడా సమానం చేశాను. మ్యాక్స్‌మెట్రిక్ వేశాను. పురుగు అక్కా, మీకు చాలా థ్యాంక్స్, ఆ ఆల్‌లో 1 ఉంచి కార్డులో 0 పెట్టడం నేనూ పోయిన వారం వేరే సర్వర్‌లో చేశాను, ఇప్పుడు అర్థమైంది ఎందుకు పనిచేయలేదో.


ఏరియాజీరో:

9000కీ 1500కీ మధ్య మీరు కళ్లు మూసుకున్నారన్నమాట. ఎంటీయూ ఇగ్నోర్ వ్యాధిని తగ్గించదు, థర్మామీటర్‌ని విరగ్గొడుతుంది.

ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ వివరాలు మార్చుకునే ప్యాకెట్‌లో, అదే డీబీడీలో, తన ఇంటర్‌ఫేస్ ఎంటీయూ రాస్తుంది. నాకన్నా పెద్దది అని అటు పక్క కనిపిస్తే ఆ ప్యాకెట్‌ని పట్టించుకోదు, అందుకే ఎక్స్‌స్టార్ట్‌లో ఇరుక్కుంటారు. చాదస్తంగా కనపడుతుంది కానీ దానికో కారణం ఉంది. మీ సర్వర్ 9000 దాకా ప్యాకెట్ కట్టగలదు, ఆర్2 1500 దాటినదాన్ని మారు మాట్లాడకుండా పారేస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. 1500లో ఐపీ హెడర్ 20, ఓఎస్‌పీఎఫ్ హెడర్ 24, డీబీడీ సొంతం 8 తీసేస్తే 1448. ఒక్కో ఎల్ఎస్ఏ హెడర్ 20 బైట్లు. అంటే 72 ఎల్ఎస్ఏల దాకా ఒక డీబీడీ 1500లో పడుతుంది. మీ నెట్‌వర్క్‌లో ఇంకా అంతకన్నా తక్కువ ఉండుంటాయి, అందుకే ఇగ్నోర్ వేయగానే ఫుల్‌కి వచ్చింది. రేపు ఎవరో నాలుగు కొత్త రౌటర్లు కలుపుతారు, లెక్క 72 దాటుతుంది, అప్పటికి ఫుల్‌లో ఉన్నది ఫుల్‌లోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ తర్వాత ఏ రాత్రో ఆ లింక్ ఒకసారి పడి లేస్తుంది, మళ్లీ లేవదు. ఎక్స్‌చేంజ్‌లో ఆగిపోతుంది. అప్పటికి ఈ లైన్ వేసిన సంగతి మీకు కూడా గుర్తుండదు.

మామూలు ట్రాఫిక్‌లో మీకు ఇప్పటిదాకా తేడా తెలియకపోవడానికి టీసీపీ కారణం, అటు పక్క యూజర్ కనెక్షన్ మొదట్లోనే నా ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ ముక్క గరిష్ఠ సైజు) 1460 అని చెప్పేస్తాడు కాబట్టి మీ సర్వర్ అంతకు మించి పంపదు. పెద్ద యూడీపీ ప్యాకెట్ పంపి చూడండి, అప్పుడు తెలుస్తుంది. లేదా ఫ్రాగ్మెంట్ చేయొద్దు అన్న ఆప్షన్‌తో 8972 సైజు పింగ్ ఆర్2కి కొట్టండి, లోకల్ ఎర్రర్ రాదు, జవాబూ రాదు. 1472తో వస్తుంది. ఆ 28 తేడా ఐపీ, ఐసీఎంపీ హెడర్లది.

రెండు పక్కలా ఒకే అంకె పెట్టండి, ఏదైనా పర్లేదు. రౌటర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు "ఐపీ ఎంటీయూ" అని అడగండి, ఎందుకంటే కొన్ని రౌటర్లు ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కలిపి 1514 అని చూపిస్తాయి, అది చూసి మీరు 1514 పెట్టారంటే మళ్లీ ఎక్స్‌స్టార్ట్. పెట్టాక ఇగ్నోర్ లైన్ తీసేసి, అడ్జసెన్సీని చేత్తో ఒకసారి పడగొట్టి లేపి చూడండి. ఊరికే లైన్ తీసేసి ఫుల్ కనపడుతోంది అని సంబరపడొద్దు, ఆ తనిఖీ డీబీడీ మార్చుకునేటప్పుడే జరుగుతుంది, నిలబడి ఉన్న అడ్జసెన్సీని అది కదిలించదు.


ప్యాకెట్_పురుగు:

ఇంకొకటి. మీ ఫెయిలోవర్ పరీక్ష సర్వర్ దగ్గర కేబుల్ పీకి చేశారు, రెండు సెకన్లలో మారింది అన్నారు. అది కార్డుకి లింక్ డౌన్ అని వెంటనే తెలిసింది కాబట్టి. సర్వర్‌కీ రౌటర్‌కీ మధ్యలో స్విచ్ ఏదైనా ఉందా? ఉంటే ఆ స్విచ్‌కి అవతల తెగినప్పుడు మీ కార్డు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఓఎస్‌పీఎఫ్ 40 సెకన్లు డెడ్ టైమర్ లెక్కపెడుతూ కూర్చుంటుంది.


బేర్‌మెటల్_బాబు:

ఆర్2 వైపు ఉంది అక్కా, ఒక స్విచ్. ఆర్1కి నేరుగానే.

స్విచ్‌కి అవతలి కేబుల్ పీకించి చూశాను ఇప్పుడే. సరిగ్గా మీరు చెప్పినట్టే, 38 సెకన్లు పట్టింది. హలో టైమర్లు తగ్గించనా?


ప్యాకెట్_పురుగు:

టైమర్లు కెలకొద్దు, బీఎఫ్‌డీ (దారి తెగితే వేగంగా కనిపెట్టే ప్రోటోకాల్) పెట్టండి. ఎఫ్ఆర్ఆర్ డెమన్స్ ఫైల్లో బీఎఫ్‌డీడీ ఆన్ చేసి రీస్టార్ట్ చేసి, ఈత్1 కింద ఓఎస్‌పీఎఫ్ బీఎఫ్‌డీ అని ఒక లైన్. డిఫాల్ట్‌లో 300 మిల్లీసెకన్లకో ప్యాకెట్, వరుసగా మూడు రాకపోతే పోయినట్టు, అంటే సెకను లోపే. అటు రౌటర్‌లో కూడా పెట్టాలి, ఒక్క పక్క పెడితే అది డౌన్‌లోనే ఉంటుంది. రీస్టార్ట్‌కి రూట్లు ఒకసారి పోయి వస్తాయి, జనం లేని టైమ్ చూసుకోండి.


బేర్‌మెటల్_బాబు:

రాత్రి పెట్టాను. బీఎఫ్‌డీ రెండు పక్కలా కాన్ఫిగర్ చేసినా డౌన్, డౌన్, డౌన్. అరగంట తర్వాత వెలిగింది: ఫైర్‌వాల్లో ప్రోటోకాల్ 89 తెరిచాను కానీ బీఎఫ్‌డీ యూడీపీ 3784 మీద వస్తుంది, అది తెరవలేదు. తెరవగానే అప్. స్విచ్‌కి అవతలి కేబుల్ పీకితే పింగ్‌లో ఒకే ఒక్కటి పోయింది.


కేబుల్‌రాజు:

ఫైర్‌వాల్ అని నేను మొదటే చెప్పానా లేదా 😄


ఏరియాజీరో:

ఎంటీయూ ఇగ్నోర్ తీశారా?


బేర్‌మెటల్_బాబు:

ఈత్1 ఎంటీయూ 1500 చేశాను, లైన్ రెండు పక్కలా తీసేశాం, పడగొట్టి లేపాం, నాలుగు సెకన్లలో ఫుల్. డేటాబేస్‌లో ఎన్ని ఎల్ఎస్ఏలు ఉన్నాయో కూడా లెక్కపెట్టాను గురువు గారూ. 69.